స్టేషన్ రోడ్డులో మడిగె తీసుకోండి

బొమ్మలు వేసేవాడికి ఏకాంతం కావాలంటారు. మేడ మీద గది, ఉత్తరం వైపు కిటికీ, లోపల గొళ్ళెం, బయట నిశ్శబ్దం ఉంటే మిగిలింది చెయ్యే చూసుకుంటుందని చెప్తారు. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఉల్టా. డోర్నకల్‌లో స్టూడియో పెట్టుకోవాలనుకునే పిల్లలు ఎవరైనా ఉంటే మేడ మీద గది మాట మర్చిపోండి. స్టేషన్‌కు పోయే రోడ్డులో, నేల మీద, రోడ్డు వైపు తెరుచుకునే మడిగె ఒకటి అద్దెకు తీసుకోండి. షట్టర్ పైకెత్తగానే లోపల ఏం జరుగుతోందో దారిన పోయేవాళ్ళందరికీ కనపడాలి.

పెద్దవాళ్ళు వద్దంటారు. దుమ్ము అంటారు, రొద అంటారు, పనీపాటా లేనివాళ్ళు వచ్చి కూర్చుంటారని భయపెడతారు. వాళ్ళు చెప్పినవన్నీ నిజమే. అవన్నీ ఉన్నాయి కాబట్టే అక్కడ పెట్టమంటున్నాను. బొమ్మ వేయడం చూసేవాళ్ళ నడుమ జరగాల్సిన పని. పొలం దున్నేవాడు, కుండ చేసేవాడు, కమ్మరి, దర్జీ అందరూ నలుగురి కళ్ళ ముందే పని చేస్తారు. చిత్రకారుడు ఒక్కడే ఎందుకు దాక్కోవాలో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

హైదరాబాద్ పోవద్దు

డోర్నకల్ చిన్న ఊరే, కానీ జంక్షన్. సింగరేణి బొగ్గును దృష్టిలో పెట్టుకుని నిజాం రైల్వే ఈ వైపు పట్టాలు వేసింది. 1889 కల్లా లైను బెజవాడ దాకా చేరింది. కాజీపేట నుంచి విజయవాడ పోయే దారిలో కొత్తగూడెం, మణుగూరు వైపు లైను చీలేది ఇక్కడే. జంక్షన్ ఊరికి ఒక గుణం ఉంటుంది. అక్కడ మనుషులు ఆగుతారు. బండి తప్పినవాళ్ళు, ఇంకో బండి కోసం కాచుకున్నవాళ్ళు, డ్యూటీ దిగి గదికి పోబుద్ధి కాని రైల్వే ఉద్యోగులు, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలివాళ్ళు. వీళ్ళందరికీ కాలం గడవాలి. చూడటానికి ఏదన్నా కావాలి. హైదరాబాద్‌లో ప్రదర్శన పెట్టి, కార్డులు పంచి, టీ ఇప్పించినా ఒక బొమ్మ ముందు పది నిమిషాలు నిలబడే మనిషి దొరకడం కష్టం. డోర్నకల్‌లో ఆ మనిషి పిలవకుండానే వస్తాడు, అరగంట కూర్చుంటాడు, రేపు మళ్ళీ వస్తాడు.

చిన్న ఊళ్ళో ఉంటే ఎదుగుదల ఉండదనేది మీరు వినబోయే రెండో మాట. కాపు రాజయ్య (1925–2012) సిద్దిపేట వదల్లేదు. బోనాలు, గ్రామదేవతలు, కులవృత్తుల మనుషులు ఆయన బొమ్మల్లోకి అక్కడి నుంచే వచ్చారు. మన మానుకోట పక్కన పెనుగొండలో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు (1924–2012) చదువు కోసం హైదరాబాద్, శాంతినికేతన్ పోయాడు, నిజమే. నేను పోవద్దంటున్నది చదువు కోసం కాదు. చదువుకుని రండి. వచ్చాక షట్టర్ ఇక్కడ ఎత్తండి.

ఫ్రాన్స్‌లో గుస్తావ్ కూర్బే అనే చిత్రకారుడు 1855లో ‘చిత్రకారుడి స్టూడియో’ అని ఒక బొమ్మ వేశాడు. ఎత్తు పన్నెండు అడుగులకు కాస్త తక్కువ, వెడల్పు ఇరవై అడుగులకు కాస్త తక్కువ. ఇప్పుడది పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది. అందులో చిత్రకారుడు మధ్యలో కూర్చుని గీస్తుంటాడు. ఎడమ వైపు వేటగాడు, అంగడివాడు, పేదరాలు, రకరకాల బతుకుల మనుషులు. కుడి వైపు స్నేహితులు, కవులు, బొమ్మలు కొనేవాళ్ళు. ఆ గదిలో మూసిన తలుపు లేదు. ఒక చిన్న పిల్లవాడు ఈజిల్ ముందు నిలబడి తలెత్తి చూస్తుంటాడు. ఆ బొమ్మ పేరు చెప్పగానే చాలామందికి పారిస్ గుర్తొస్తుంది. కానీ కూర్బే దాన్ని వేసింది సొంత ఊరు ఓర్నాన్‌లో. బొమ్మలోని ఈజిల్ మీద ఉన్నది కూడా ఆ ఊరి చుట్టుపక్కల నేలే. పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరుగుతుంటే న్యాయనిర్ణేతలు దాన్ని తీసుకోలేదు. ఆయన ఆ పక్కనే సొంతంగా ఒక మంటపం కట్టించి, టికెట్టు పెట్టి జనానికి చూపించాడు. చిన్న ఊళ్ళో కూర్చుని లోకం మొత్తాన్నీ గదిలోకి పిలవవచ్చని నాకు చెప్పింది ఆ బొమ్మే.

ఉత్తరం కిటికీని నమ్మకండి

స్టూడియోకు ఉత్తరపు వెలుతురు కావాలని పుస్తకాల్లో ఉంటుంది. అది యూరప్‌కు సరిపోయే మాట. అక్కడ మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణం వైపే వంగి ఉంటాడు కాబట్టి ఎండాకాలపు పొద్దున, సాయంత్రం తప్ప ఉత్తరం కిటికీలోంచి నేరుగా ఎండ పడదు. పని వేళల్లో వెలుతురు దాదాపు ఒకేలా ఉంటుంది. డోర్నకల్ భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు పదిహేడున్నర డిగ్రీల దగ్గర ఉంది. మే రెండో వారం నుంచి జూలై చివరిదాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. మార్చి చివరి నుంచి సెప్టెంబరు దాకా పొద్దు పొడిచేటప్పుడూ కుంకేటప్పుడూ ఉత్తరానికి జరిగే ఉంటాడు. అంటే ఎండలు మండే కాలంలోనే ఉత్తరం కిటికీ మనల్ని మోసం చేస్తుంది.

అందుకని దిక్కు చూసి మడిగె వెతుక్కోవద్దు. ఎదురుగా ఏముందో చూసి తీసుకోండి. ఎదుటి గోడకు తెల్ల సున్నం ఉంటే అదే మీ కిటికీ. ఆ గోడ మీద పడి తిరిగొచ్చే వెలుతురు మెత్తగా ఉంటుంది, కళ్ళను కుట్టదు. ఆ ఇంటాయనను అడిగి ఏటా సున్నం మీరే వేయించండి. షట్టర్ ముందు గోనెపట్టా పరదా ఒకటి వేలాడదీస్తే నేరుగా వచ్చే ఎండ ఆగుతుంది. రంగులు కలిపే పని పొద్దున పూట పెట్టుకోండి. పదకొండు దాటాక గీతపని, అక్షరాల పని, కేన్వాస్ బిగించే పని చేసుకోండి. సాయంత్రం ట్యూబులైటు కింద కలిపిన రంగును అక్కడికక్కడే నమ్మొద్దు. మర్నాడు బొమ్మను పట్టుకుని రోడ్డు మీదికి వచ్చి, జనం చూస్తుండగా, ఆకాశం కింద పెట్టి చూడండి.

దుమ్ము మాట. పొద్దున్నే ముందు నీళ్ళు చల్లండి. నూనె రంగులు ఆరడానికి రోజులు పడతాయి, ఆ లోపల రోడ్డు మీది మట్టంతా వాటి మీదే కూర్చుంటుంది. రోడ్డు పక్క గదికి ఆక్రిలిక్ రంగులు, పొడి రంగులను జిగురుతో కలిపి వాడే పాత పద్ధతి సరిపోతాయి. నూనె రంగులే కావాలంటే తడి బొమ్మను రాత్రికి గోడ వైపు తిప్పి, కాస్త వాలుగా ఆనించి పెట్టండి.

బ్రష్షుల కంటే ముందు బల్ల కొనండి

అడ్వాన్సు కట్టాక చేతిలో మిగిలిన డబ్బుతో మొదట కొనాల్సింది ఒక పొడవాటి బల్ల. గోడవారగా వేయండి. మంచినీళ్ళ కుండ ఒకటి, ప్లాస్టిక్ కుర్చీలు కొన్ని పెట్టండి. వచ్చినవాళ్ళను ఏం పని మీద వచ్చారని అడగొద్దు. “కూసో అన్నా” అనండి, చాలు.

ఈజిల్‌ను రోడ్డు వైపు తిప్పండి. ఇది చాలా ముఖ్యం. బొమ్మ ముఖం రోడ్డుకు, మీ వీపు రోడ్డుకు. బొమ్మ సగంలో ఉన్నప్పుడు గుడ్డ కప్పి దాచడం, పూర్తయ్యాక చూడండనడం మానేయండి. చూసేవాళ్ళకు అసలు రుచి ఆ సగంలోనే ఉంటుంది. నిన్న లేని చెయ్యి ఇవాళ ఎలా వచ్చిందో, మొన్నటి చెట్టు ఎందుకు పోయిందో తెలుసుకోవాలని రేపు మళ్ళీ వస్తారు. ఇక ఏకాంతం సంగతంటారా, వీపు జనానికి పెట్టి కూర్చున్నాక కావలసినంత దొరుకుతుంది. మాటలు చెవిలో పడుతుంటాయి, చెయ్యి తన పని చేసుకుంటూ పోతుంది.

వచ్చినవాళ్ళు సలహాలు చెప్తారు. చెప్పనివ్వండి. డోర్నకల్ చుట్టూ మిర్చి పండుతుంది, తేజ రకం బస్తాలు ఖమ్మం మార్కెట్‌కు పోతాయి. కల్లంలో ఎండబోసిన మిర్చి వేయాలని మీకు తప్పకుండా అనిపిస్తుంది, ఆ ఎరుపు ఎవరినైనా లాగుతుంది. మీరు డబ్బాలోని ఎరుపు తీసి పూస్తారు. బల్ల మీద కూర్చున్న రైతు ఊరుకోడు. “ఇది పండుకాయ ఎరుపు తమ్మీ, ఎండింది కాదు. తాలుకాయ ఒక్కటి లేని కల్లం నువ్వెక్కడ జూసినవ్?” అంటాడు. ఆర్ట్ కాలేజీలో ఎవరూ చెప్పని పాఠం అది. ఎండిన మిర్చిలో ఎరుపు కిందికి దిగి, గోధుమ రంగు చేరి, ముడతల్లో నల్లబడుతుంది. మధ్య మధ్యలో తెల్లబారిన తాలుకాయలు ఉంటేనే ఆ ఎరుపు నిలబడుతుంది. ధర పలికేది ఆ తేడా మీదే కాబట్టి రైతు కన్ను దాన్ని మీ కన్ను కంటే ముందు పట్టుకుంటుంది. ఇలాగే రైల్వే ఆయన సిగ్నల్ ఎంత ఎత్తులో ఉంటుందో చెప్తాడు. తండా నుంచి వచ్చిన పెద్దమ్మ తన బట్టల మీది అద్దాలు చూపించి, మీరు వాటిని తెల్ల చుక్కల్లా ఎందుకు పెట్టారని అడుగుతుంది. అద్దానికి తనదంటూ రంగు లేదు, ఎదుట ఏముంటే అదే దాని రంగు. ఆమె ఎదురుగా నిలబడితేనే మీకది కనపడుతుంది.

విన్న ప్రతి మాటకూ బొమ్మ మార్చేయమనడం లేదు. ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. మర్నాడు కల్లానికి పోయి చూడండి, స్టేషన్‌కు పోయి చూడండి. మాట సరైనదైతే సరిదిద్దండి, కాకపోతే వదిలేయండి. కానీ ఎదురు మాట్లాడొద్దు, నాకు తెలుసులే అనొద్దు. ఒకసారి ఆ మాట అన్నారంటే బల్ల ఖాళీ అవుతుంది.

లండన్‌లో చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ గది గురించి మీరు చదివే ఉంటారు. ఆయన పోయాక ఆ చిన్న గదిలోని ఏడు వేలకు పైగా వస్తువులను ఒక్కొక్కటీ లెక్కపెట్టి, 1998లో డబ్లిన్‌లోని హ్యూ లేన్ గ్యాలరీకి తరలించి, ఉన్నది ఉన్నట్టు మళ్ళీ అమర్చారు. కాగితాలు, డబ్బాలు, గుడ్డలు మోకాళ్ళ ఎత్తున పేరుకున్న గది. ఆ ఫొటోలు చూసి చిందరవందరే ప్రతిభ అనుకునే కుర్రాళ్ళు ఉన్నారు. నేను ఆ ఫొటోల్లో వెతికేది ఒక్కటే, ఇంకొకరు కూర్చునే చోటు. నాకు కనపడలేదు. గొప్ప బొమ్మలే వేశాడు, ఆయన దారి ఆయనది. మీ గదిని మాత్రం ఎన్ని బొమ్మలు పడతాయని కొలవకండి, ఎంతమంది కూర్చోగలరని కొలవండి.

మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే ఆర్టిస్టు మోహన్ ఉన్నాడు. ఏలూరులో పుట్టి, పత్రికల్లో కార్టూన్లు వేసి, 2017లో హైదరాబాద్‌లో కన్నుమూశాడు. ఆయన పని చేసే చోటు ఒక అడ్డా. కవులు, ఉద్యమాలవాళ్ళు, ఊళ్ళ నుంచి అప్పుడే దిగిన కుర్ర ఆర్టిస్టులు వస్తూ పోతూ ఉండేవాళ్ళు. పోస్టరు కావాలంటే అక్కడే, పుస్తకానికి అట్ట కావాలంటే అక్కడే. గుంపు మధ్య కూర్చుని గీయడం వల్ల ఆయన గీత పలచబడలేదు, వేగం పెరిగింది. అది చూసి నేర్చుకున్నవాళ్ళు ఇవాళ తెలుగు పత్రికల నిండా ఉన్నారు.

కథ చెప్పేవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి

పాత వరంగల్ జిల్లాలోనే చేర్యాల ఉంది. అక్కడ కథల పటాలు వేసే నకాషీవాళ్ళకు స్టూడియో అంటూ వేరే గది ఉండేది కాదు, ఇల్లే స్టూడియో. ఖద్దరు గుడ్డకు గంజి పట్టించి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత మీద పూత వేసి ఆరబెట్టేది ఇంటి ముందే. ఆడవాళ్ళు, పిల్లలు అందరి చేతులూ ఆ పటం మీద పడతాయి. వెనక ఎరుపు నింపేది ఒకరు, పూల అంచులు దిద్దేది ఒకరు, మొహాలు తీర్చేది పెద్దాయన.

బొమ్మ ఎలా ఉండాలో నిర్ణయించేది చిత్రకారుడు ఒక్కడే కాదు, పటం చూపించి కథ చెప్పేవాళ్ళు కూడా. కూనపులివాళ్ళు పద్మశాలీలకు, కాకిపడగలవాళ్ళు ముదిరాజులకు, డక్కలివాళ్ళు మాదిగలకు, గౌడజెట్టివాళ్ళు గౌడులకు, ఎవరి పురాణం వాళ్ళకు చెప్తారు. పటం కావాలంటే కథకుడు నకాషీ ఇంటికి వస్తాడు. ఏ ఘట్టం తర్వాత ఏది రావాలి, ఎక్కడ కథ ఆపి జనాన్ని కాసేపు నిలబెట్టాలి, ఏ మనిషిని పెద్దగా వేయాలి అన్నీ చెప్తాడు. నలభై అడుగులు దాటే పటం అలా తయారవుతుంది. ఆ పటాల్లో మొహాలు దూరం నుంచి కనపడేట్టు పెద్ద కళ్ళతో, గట్టి రంగులతో ఎందుకుంటాయంటే, రాత్రిపూట దీపం వెలుగులో వెనక వరుసలో కూర్చున్నవాడికి కూడా కనపడాలి కాబట్టి. చూసేవాడు ఎంత దూరంలో కూర్చుంటాడో తెలిసిన చిత్రకారుడు చేసే పని అది.

మీ మడిగెకు కూనపులివాళ్ళు రాకపోవచ్చు. కథ చెప్పగలిగినవాళ్ళు వస్తారు. కొత్తగూడెం వైపు బొగ్గు బాయిలో పని చేసి రిటైరైన ఆయన వస్తాడు, భూమి లోపల చీకటి ఎలా ఉంటుందో చెప్తాడు. ఒగ్గు కథ విన్న ముసలామె వస్తుంది. వాళ్ళు చెప్తుంటే ఫోన్లో రికార్డు చేయకండి. చెప్తుండగానే పెన్సిల్‌తో గీయండి. “ఇట్ల కాదు బిడ్డా, తట్ట ఎడమ దిక్కు ఉండె” అని వాళ్ళు దిద్దుతారు. ఆ దిద్దుబాటు కోసమే వాళ్ళను కూర్చోబెట్టింది.

బోర్డు పని మానకండి

నిజమైన ఆర్టిస్టు బోర్డులు రాయడని ఎవరో ఒకరు మీతో అంటారు. రాయండి. కిరాణా కొట్టు బోర్డు, బడి గోడ మీద ఎక్కాలు, ఎన్నికల గోడ రాతలు, లారీ వెనక నెమళ్ళు, అన్నీ ఒప్పుకోండి. ఎం.ఎఫ్. హుసేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి బతికాడు. నేల మీద పరుచుకుని, పక్కనే మనుషులు నడుస్తుంటే, అంతెత్తు మొహాలు వేసిన ఆ చెయ్యే తర్వాత ఎంత పెద్ద కేన్వాస్ ఇచ్చినా బెదరలేదు. ఆ హుసేన్‌కు మన హైదరాబాద్‌తో ఉన్న సంబంధం కూడా చెప్పాలి. రామాయణం వేయమని సోషలిస్టు నాయకుడు రామమనోహర్ లోహియా అంటే, కళాపోషకుడు బద్రివిశాల్ పిత్తీ అండగా నిలబడితే, ఇక్కడ కూర్చుని ఆ బొమ్మలు వేశాడు. వాటిని ఎడ్లబండి మీద ఊళ్ళకు తీసుకుపోయి చూపించామని ఆయనే చెప్పేవాడు.

ఫ్లెక్సీ వచ్చాక బోర్డు పని ఎక్కడుందంటారు. తగ్గింది, నిజం. 2000 తర్వాత ఒక్కో ఊళ్ళో ఎంతమంది పెయింటర్లు కుంచె వదిలేసి ఆటోలు, తాపీలు పట్టారో నేను చూశాను, ఇప్పటికీ బాధే. కానీ డోర్నకల్ ఎండకు ఫ్లెక్సీ తెల్లబడుతుంది, గాలికి చిరుగుతుంది. రేకు మీద మంచి ఎనామిల్‌తో రాసిన బోర్డు ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆ మాట కొట్టువాడికి కూర్చోబెట్టి చెప్పండి, పాత బోర్డు ఒకటి తీసుకెళ్ళి చూపించండి. తెలుగు అక్షరానికి గుండ్రాలు ఎక్కువ. తలకట్టు ఎక్కడ లేపాలి, ఒత్తు కింద ఎంత జాగా వదలాలి, సుద్ద పూసిన దారం లాగి వదిలి గీత ఎలా కొట్టాలి, ఇవి చేత్తో రాసేవాడికే తెలుస్తాయి. కంప్యూటర్ అక్షరాలతో పెరిగిన పిల్లలు మీ వెనక నిలబడి “క్ష” ఎలా తిరుగుతుందో చూస్తారు. వాళ్ళలో ఒకడు రేపు కుంచె అడుగుతాడు.

అడిగినవాడికి ఫీజు చెప్పకండి. డబ్బాలు కడగమనండి, వెనక రంగు నింపమనండి. రంగులు మాత్రం తినే చేతికి అంటకుండా చూడండి. మిర్చిబజ్జీ తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం నేర్పించండి. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండేది. అవిసె నూనె అంటిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. వాటిని విప్పి ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచి మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి.

సగం మడిగె టైలరమ్మకు ఇవ్వండి

స్టేషన్ రోడ్డులో షట్టర్ తెరిచి బల్ల వేస్తే వచ్చి కూర్చునేవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళే. ముసలివాళ్ళు తప్ప ఆడవాళ్ళు తల వంచుకుని వేగంగా దాటిపోతారు. నేను పైన చెప్పిందంతా అక్కడ తప్పిపోతుంది. ఊళ్ళో సగం మంది లోపలికి రాలేని గదిని తెరిచిన గది అని ఎలా అంటాం? హైదరాబాద్ అడ్డాలూ అంతే, పారిస్ అడ్డాలూ అంతే. కూర్బే బొమ్మలో చిత్రకారుడి పక్కన నిలబడ్డ స్త్రీ మోడలు, ఆమె చేతిలో కుంచె లేదు.

దీనికి నా సలహా విని చాలామంది తల పట్టుకుంటారు. అద్దె సగం పంచుకోవడానికి ఇంకో ఆర్టిస్టును కాదు, లేడీస్ టైలర్ ఒకామెను చేర్చుకోండి. కుట్టుమిషను రోడ్డు వైపు, ఈజిల్ పక్కన. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు, ఫాల్ కుట్టించుకునేవాళ్ళు, పిల్లల యూనిఫాం కోసం వచ్చిన తల్లులు కూర్చుంటారు. లోపల ఒక ఆడమనిషి తన పనిలో తాను ఉందని చూస్తే చాలు, గది స్వభావం మారిపోతుంది. బల్ల మీది మగవాళ్ళ మాట తీరు కూడా మారుతుంది, మారకపోతే మార్పించే బాధ్యత మీది. డ్రాయింగ్ బాగా వేసే అమ్మాయిని ఇంట్లోవాళ్ళు స్టూడియోకు పంపరు, టైలరమ్మ దగ్గరికి పంపుతారు. వచ్చిన అమ్మాయికి పెన్సిల్ ఇవ్వండి.

మీకు దక్కేది ఇంకా ఉంది. ఏ రంగు పక్కన ఏ రంగు వేయాలో కాలేజీలో రంగుల చక్రం గీసి నేర్పుతారు. చీరకు మ్యాచింగ్ వెతికే ఆడవాళ్ళు ఎండలోకి తీసుకెళ్ళి, ముడి విప్పి, మడిచి, ఒకే ఆకుపచ్చలో ఎన్ని తేడాలు పట్టుకుంటారో పక్కన కూర్చుని చూడండి. మిగిలిన నూలు గుడ్డముక్కలు మీకు కేన్వాసులు. నూగు ఎగిరి తడి బొమ్మ మీద పడకుండా నడుమ ఒక పరదా కట్టుకోండి, పొద్దుగూకాక తీసేయండి.

ఆదివారం చర్చికి పోండి

అక్కడ బొమ్మలు వేయడానికి. డోర్నకల్ అంటే దేశం మొత్తానికి తెలిసింది రైలు జంక్షన్ తర్వాత ఎపిఫనీ కెథెడ్రల్ వల్లే. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ వి.ఎస్. అజరయ్య 1912లో బిషప్ అయి ఈ ఊళ్ళో కూర్చున్నాడు. ఆయన చేతుల మీదుగా ఏళ్ళ తరబడి లేచిన ఆ చర్చిని 1939లో ప్రతిష్ఠించారు. అందులో గుడి స్తంభాలున్నాయి, మసీదును తలపించే గుమ్మటాలున్నాయి, శిలువ ఉంది. ఇంగ్లండు నుంచి నమూనా తెప్పించుకోకుండా చుట్టూ ఉన్న జనం ఏ కట్టడాల మధ్య పెరిగారో వాటినే తీసుకుని కట్టించాడు. బల్ల దగ్గరికి వచ్చే పిల్లలను వెంటబెట్టుకుని పోయి, స్తంభం ఒకరికి, గుమ్మటం ఒకరికి పంచి గీయించండి. బయట కూర్చుని గీస్తుంటే పక్కన ఇంకా పదిమంది చేరతారు. తరిమేయకండి, వాళ్ళకూ కాగితం ఇవ్వండి.

మొదటి ప్రదర్శన

గ్యాలరీ అద్దెకు తీసుకోవద్దు, రిబ్బను కత్తిరించడానికి పెద్దమనుషులను పిలవొద్దు. 1938లో హరిపురాలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు గాంధీజీ అడిగితే నందలాల్ బోస్ పోస్టర్లు వేశాడు. డోలు వాయించేవాళ్ళు, దూది ఏకేవాళ్ళు, ఇంటి పనుల్లో ఉన్న ఆడవాళ్ళు. వాటిని గదిలో పెట్టలేదు. ద్వారాలకు, పందిళ్ళకు తగిలించారు, నడిచిపోయే రైతులు చూడాలని. ఆ నందలాల్ ఉన్న శాంతినికేతన్‌లోనే మన శేషగిరిరావు చదువుకున్నది. కాబట్టి మీ బొమ్మలు షట్టర్ పక్క గోడకు, టీ కొట్టు స్తంభానికి, టైలరమ్మ దారాల బల్ల పైన తగిలించండి. వాన మొదలయ్యేలోపు, ఏప్రిల్‌లో పెట్టండి. మిర్చి అమ్మిన డబ్బు అప్పటికి చేతికి వస్తుంది.

ధర దాచొద్దు. బొమ్మ పక్కన అంకెల్లో రాసి పెట్టండి, అడిగిన మనిషిని బట్టి మార్చకండి. గుడ్డకు ఎంత, రంగుకు ఎంత, ఎన్ని రోజుల పని అని అడిగితే కూర్చోబెట్టి లెక్క చెప్పండి. కూలి లెక్క అందరికంటే బాగా తెలిసింది ఈ ఊరివాళ్ళకే, మీ కూలి ఎక్కువని అనరు. రైతు ఎవరైనా ఆ మిర్చి కల్లం బొమ్మ తనకు కావాలని, మిగతా డబ్బు వచ్చే పంటకు ఇస్తానని అంటే ఒప్పుకోండి. పేరు, ఊరు, నెల నోటు పుస్తకంలో రాసుకుని బొమ్మ చేతికివ్వండి. బాకీ కట్టడానికి వచ్చినప్పుడు దాన్ని ఇంట్లో ఎక్కడ తగిలించారో అడగండి. పొగ తగిలే వంటింటి గోడకో, మధ్యాహ్నపు ఎండ పడే చోటో పెట్టామంటే మార్చమని చెప్పండి. మేకు మీరే తీసుకుపోయి కొట్టి రండి.